ఐదు ఎన్నికలు, ఒక అలాగేనండీ

మా ఎమ్మెల్యే గారికి అరవై నిండుతున్నాయని ఆయన పీఏ చెబితే తెలిసింది. ఆ మాట చెప్పడానికే అతను తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చాడు, చేతిలో బత్తాయిల సంచితో. రిటైరైన బడిపంతులు ఇంటికి పీఏలు ఊరికే పళ్ళు పట్టుకొని రారు. సంచి చూడగానే పనేదో ఉందని అర్థమైంది.

"షష్టిపూర్తికి అభినందన సంచిక వేస్తున్నామండీ. అందులో సార్ రాజకీయ ప్రస్థానం మీరే రాయాలి మాస్టారూ. మొదటి ఎన్నిక నుంచీ అంతా మీ డైరీల్లో ఉందట కదండీ" అన్నాడు.

ఉన్న మాట నిజమే. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టిన అలవాటు ఇప్పటికీ మానలేదు. రోజుకు ఐదారు వాక్యాలు. వాన పడిందా లేదా, ఎవరొచ్చారు, ఏమన్నారు. నా అభిప్రాయాలు అందులో రాయను. అభిప్రాయాలు మరుసటి ఏడాదికి మారిపోతాయి, వానలు మారవు. ఏ ఏడాది పుస్తకం ఆ ఏడాది అట్ట వేసి బీరువాలో వరసగా పెట్టాను.

"అన్నీ రాయనా?" అని అడిగాను.

"అన్నీ అంటే మరీ అన్నీ కాదులెండి" అన్నాడు. "ఓడిపోయారు అని రాయకండి. విరామం అనండి. మొదట ఒక విరామం, మధ్యలో ఒక విరామం. పార్టీ మారారు అనకుండా వేదిక మారింది అనండి. శీర్షిక మేమే పెట్టేశాం, అజేయ ప్రస్థానం అని."

"రెండు విరామాలుండగా అజేయమెలా అవుతుందండీ?"

"గెలిచినప్పుడు అజేయమే కదండీ" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

అలాగేనండీ అని పంపేశాను. మా వైపు ఈ మాటకు ఒక వాడకం ఉంది, పై ఊళ్ళవాళ్ళకు చెబితే గాని తెలియదు. మా గోదావరి జిల్లాల్లో ఎదుటి మనిషి మొహం మీద కాదు అనడం మహా మోటు. అందుకని అలాగేనండీ అంటాం. అది అవును కాదు, కాదు కూడా కాదు. మీ మాట విన్నాను, ఇక దయచేయండి అని. మా దగ్గర పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆ మాటను నమ్ముకొని ఇల్లు కట్టరు. అయినా మా ఎమ్మెల్యే గారి రాజకీయ ప్రస్థానం, ఐదు ఎన్నికలూ, ఈ ఒక్క మాట మీదే నడిచింది.

ఆయన మొదటిసారి పోటీ చేసినప్పుడు నేను కొల్లేటి లంక ఊళ్ళో పనిచేస్తున్నాను. ఊరికీ రోడ్డుకూ మధ్య పెద్ద కాలవ. అవతలి గట్టు నుంచి ఊళ్ళోకి రావాలంటే దోనె ఎక్కాలి. తాటి మొద్దు తొలిచి చేసిన దోనె అది. అందులో ఎక్కడ కూర్చోవాలో, ఎంత కదలాలో తెలియకపోతే తడుస్తారు. ఆయన అప్పటికి చేపల చెరువుల ఆసామి, స్వతంత్ర అభ్యర్థి. గంజి పెట్టిన తెల్ల బట్టలతో దోనె అంచున కూర్చున్నారు. మా బడి అరుగు మీదికి వచ్చేసరికి నడుము దాకా తడిసి, పంచె ఒంటికి అంటుకుపోయి ఉంది. పిల్లలు నవ్వితే నేను అదిలించాను. ఆ రోజు డైరీలో అదిలించాననే ఉంది. నాకూ నవ్వొచ్చిందని రాసుకోలేదు.

దోనె నడిపే పెద్దాయనే ఊరికి పెద్ద. ఆయన చెప్పినట్టు ఊరు నడుస్తుందని అందరూ అనుకునేవారు.

"ఏమండీ పెద్దాయనా, మీ ఊరి ఓట్లన్నీ గుండుగుత్తగా మనకేగా?" అని అడిగారు అభ్యర్థి గారు.

"అలాగేనండీ" అన్నాడు పెద్దాయన.

అదే రోజు పొద్దున ఇంకో అభ్యర్థి వచ్చి వెళ్ళాడు. ఆయనకీ అలాగేనండీ అనే చెప్పాడు. నా డైరీలో రెండూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి.

ఆ లంక ఊళ్ళో ఎన్ని ఓట్లున్నాయో అంతకంటే తక్కువ తేడాతో ఆయన ఓడిపోయారు. ఊరు నన్ను మోసం చేసింది అని గణపవరం సంతలో నలుగురి ముందూ అన్నారట. ఆ మాట పెద్దాయన చెవిన పడితే నిజంగా ఆశ్చర్యపోయాడు. "నేనేం మోసం చేశానండీ మాస్టారూ? ఇంటికొచ్చిన మనిషిని కాదని ఎలా అంటాం?" అన్నాడు. నేను కూడా ఆయన పక్షమే. చేపల చెరువుల మధ్య పుట్టిన మనిషికి అలాగేనండీకి అర్థం తెలియకపోవడమేమిటి అనుకున్నాను.

ఆయనకు తెలిసిందని తర్వాతి ఎన్నికకు అర్థమైంది. ఈసారి ఒక పార్టీ కండువా వేసుకొని గెలిచారు. గెలిచిన నెలలోనే ఊరివాళ్ళు అర్జీ రాయించుకొని ఆయన ఇంటికి వెళ్ళారు. రాసింది నేనే. కాలవ మీద మనుషులు నడిచేపాటి వంతెన కావాలని, పిల్లలూ బాలింతలూ దోనె మీద దాటలేకపోతున్నారని. ఆయన కుర్చీలోంచి లేచి, పెద్దాయనకు రెండు చేతులూ జోడించి, నవ్వుతూ అన్నారు.

"అలాగేనండీ."

పెద్దాయన ఊళ్ళోకి తిరిగి వచ్చినప్పటి మొహం నాకింకా గుర్తుంది. "అలాగే అన్నారండీ మాస్టారూ! లేచి నిలబడి మరీ అన్నారు!" అన్నాడు. ఆ సాయంత్రమే బుట్టెడు కొర్రమీనులు ఏరించి ఎమ్మెల్యే గారింటికి పంపించారు. ఊరంతా పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాట. ఎదుటివాడు తమకే తిప్పి అంటే ఒక్కరూ పోల్చుకోలేదు. నేనూ పోల్చుకోలేదు. ఆ రోజు డైరీలో, వంతెన వస్తుంది, అని ఉంది. నా డైరీల్లో అభిప్రాయం రాసిన రోజులు అతి తక్కువ. అందులో అదొకటి.

వంతెన రాలేదు. పెద్దాయన ఏడాదికి ఒకసారి వెళ్ళి గుర్తు చేసేవాడు. ఏడాదికి ఒక అలాగేనండీ తెచ్చుకునేవాడు. కొర్రమీనులు మాత్రం ఆ ఒక్కసారే.

మూడో ఎన్నికలో ఆయన ఓడిపోయారు. పీఏ భాషలో రెండో విరామం. ఓడిన వారం రోజులకు లంక ఊరికి వచ్చి, ఈసారి దోనె మధ్యలో జాగ్రత్తగా కూర్చొని వచ్చి, నేను గెలిచి ఉంటే ఈపాటికి వంతెన మీద నడిచి వచ్చేవాణ్ణి అన్నారు. ఐదేళ్ళు చేతిలో ఉన్నప్పుడు ఎందుకు నడవలేదో ఎవరూ అడగలేదు. మా వైపు అలాంటివి అడగరు. కాఫీ ఇచ్చి పంపించారు.

నాలుగో ఎన్నికకు ఆయన కండువా రంగు మారింది. ఉంగుటూరులో పాత రంగు కండువాతో బస్సెక్కి, ఏలూరులో కొత్త రంగు కండువాతో దిగారని అప్పట్లో టీకొట్ల దగ్గర చెప్పుకునేవారు. ఆయన బస్సెక్కిన దాఖలాలు నా దగ్గర లేవు గాని, మిగతా మాట నిజమే. ఎన్నికల నెలలో ఒక మంగళవారం రోడ్డు వైపు గట్టు మీద లారీ కంకర దింపింది. వంతెన పునాదికని చెప్పారు. ఊరివాళ్ళు రోజూ సాయంత్రం దోనె మీద దాటి వెళ్ళి ఆ కంకర గుట్ట చుట్టూ నిలబడి చూసేవారు. కొందరు దాని మీదే కూర్చొని కబుర్లు చెప్పుకునేవారు. అప్పటికి నేను రిటైరై తాడేపల్లిగూడెం వచ్చేశాను గాని, ఓటు అక్కడే ఉండిపోయింది. ఓటు వేయడానికి వెళ్ళినప్పుడు నేనూ చూశాను. మంచి కంకర.

ఆయన గెలిచారు. ప్రమాణ స్వీకారం అయిన వారంలో, శుక్రవారం, అదే లారీ వచ్చి అదే కంకరను ఎత్తుకుపోయింది. ఇంకో చోట పని తొందరగా ఉందట. గుట్ట పోయినా కింద గడ్డి చచ్చిపోయి గుండ్రంగా మచ్చ ఉండిపోయింది. పెద్దాయన ఆ ఏడాదే చనిపోయాడు. ఆయన్ని అవతలి గట్టున ఉన్న శ్మశానానికి దోనె మీదే తీసుకెళ్ళారు. ఎమ్మెల్యే గారు వచ్చి రోడ్డు వైపు గట్టు మీద నిలబడి చేతులు జోడించారు.

ఐదో ఎన్నిక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కండువా మళ్ళీ మారింది. ఫ్లెక్సీల్లో పాత ఫొటో మీదే మెడ దగ్గర రంగు మార్చి వేశారు. గెలిచారు. ఇప్పుడు ఆ గెలిచిన కాలంలోనే ఉన్నాం. పీఏ బత్తాయిలు తెచ్చింది ఈ కాలంలోనే.

పీఏ వచ్చి వెళ్ళిన నాలుగో రోజు పెద్దాయన కొడుకు వచ్చాడు. పొడవాటి వెదురు గెడతో దోనె నడిపేది ఇప్పుడు అతనే. అతని భార్య ఐదో తరగతి దాకా నా దగ్గరే చదువుకుంది. ఎక్కాలు ఎవరికీ రానప్పుడు వెనక బెంచీలోంచి చెప్పేది. ఆమెకు మూత్రపిండాలు పాడై రెండేళ్ళవుతోంది. వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. దోనె మీద కాలవ దాటి, ఆటోలో పెద్ద రోడ్డుకు వచ్చి, అక్కడి నుంచి బస్సు.

"మొన్న బుధవారం దాటలేకపోయామండీ" అన్నాడు అతను. "కాలవంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. గెడ వేస్తే దిగదు, లాగితే రాదు. నడిమధ్యలో ఇరుక్కుపోయాం. నేను దిగి పీకుతుంటే మధ్యాహ్నమైపోయింది. అప్పటికి ఏలూరులో ఆమె వంతు దాటిపోయింది. మరుసటి రోజుకల్లా మొహం ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడలేదండీ. ఇంకోసారి ఇలా అయితే కష్టమని డాక్టరు చెప్పేశారు."

ఇంజనీర్ల ఆఫీసుకు వెళితే, ముందు ఎమ్మెల్యే గారి ఉత్తరం తెండి, కొలతలకు మనుషుల్ని పంపుతాం అన్నారట. కొల్లేరులో ఏం కట్టాలన్నా అటవీశాఖ ఒప్పుకోవాలి కాబట్టి ఉత్తరం లేకుండా కాగితం కదలదట. అతను మూడుసార్లు క్యాంపు ఆఫీసుకు వెళ్ళాడు.

"ఏమన్నారు?" అని అడిగాను, తెలిసీ.

"అలాగే అన్నారండీ."

ఆ రోజు అతను వెళ్ళాక బీరువా తెరిచి ఐదు ఎన్నికల డైరీలూ తీసి వరసగా చదివాను. అజేయ ప్రస్థానం కోసం కాదు. ఆ మాట ఎన్నిసార్లు ఉందో చూద్దామని. చదువుతుంటే ఎమ్మెల్యే గారి మీద కంటే నా మీదే ఎక్కువ చికాకు వేసింది. వంతెన అడగడానికి పెద్దాయన వెళ్ళిన ప్రతిసారీ తేదీ వేసి రాసుకున్నాను. ఏ అలాగేనండీకీ ఎదురు ప్రశ్న వేసిన రోజు ఒక్కటీ లేదు. కంకర వచ్చిందని రాశాను, పోయిందని రాశాను. పోయిన సంగతి తెలిశాక ఎందుకని వెళ్ళి అడగలేదు. రాసుకుంటే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. ఇన్నేళ్ళు పిల్లల చేత జవాబులు చెప్పించిన వాణ్ణి, పెద్దవాళ్ళ దగ్గర జవాబు రాబట్టడం మాత్రం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఉత్తరం నేనే టైపు చేయించాను. ఊరి పేరు, కాలవ, వంతెన, కొలతలకు మనుషుల్ని పంపమని. సంతకం ఒక్కటే ఖాళీ. మరుసటి ఉదయం పెద్దాయన కొడుకుని తీసుకొని క్యాంపు ఆఫీసుకు వెళ్ళాను.

హాలు నిండా జనం. రొయ్యల చెరువుల రైతులు నలుగురు, అత్తిలి వైపు నుంచి కొత్త చర్చి ప్రారంభానికి పిలవడానికి వచ్చిన పాస్టరు గారూ ఆయన భార్యా, ఇంకా పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. నన్ను చూడగానే ఎమ్మెల్యే గారు కుర్చీ వేయించి కాఫీ చెప్పారు. పెద్దాయన కొడుకు తలుపు దగ్గరే నిలబడ్డాడు. అతనికి కుర్చీ చెప్పలేదు.

"ప్రస్థానం ఎంతవరకూ వచ్చింది మాస్టారూ?"

"డైరీలన్నీ తీశానండీ."

"మీరు రాస్తే చరిత్ర రాసినట్టండీ" అని రొయ్యల రైతుల వైపు చూసి, "మాస్టారు గారు నా మొదటి ఎన్నిక నుంచీ సాక్షి" అన్నారు. సాక్షి అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చినందుకు సంతోషించాను. ఉత్తరం తీసి ఇచ్చాను. తలుపు దగ్గర నిలబడ్డ అతన్ని చూపించి, అతని భార్య సంగతి మూడు వాక్యాల్లో చెప్పాను. ఎమ్మెల్యే గారు ఉత్తరం చదవకుండానే బల్ల మీద ఉన్న కాగితాల దొంతర కింద పెట్టారు. పైన కాదు, కింద. చేతులు జోడించారు.

"అలాగేనండీ."

కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. "అలాగే అంటే సంతకం పెడతాననా అండీ, పెట్టననా?"

పాస్టరు గారి భార్య తల వంచి చీర చెంగు సర్దుకుంది. పీఏ దగ్గాడు. నేనేదో బూతు మాట అన్నట్టుగా ఉంది. మా జిల్లాలో ఆ ప్రశ్న ఎవరూ వేయరు, నేనూ అంతకు ముందెప్పుడూ వేయలేదు.

"అదేంటి మాస్టారూ, అలాగే అన్నాక ఇంకా..."

"అన్నారు కాబట్టే అడుగుతున్నానండీ. మీ మొదటి ఎన్నికలో ఇతని నాన్న మీకు అలాగే అన్నాడు. ఆ ఓట్లు మీకు రాలేదు. అప్పటి నుంచీ ఆ మాటకు అర్థం మీకు బాగా తెలుసు. ఇది ఏ అలాగే అండీ, ఆయన అన్నదా, ఇంకోటా?"

రొయ్యల రైతుల్లో ఒకాయన పెద్దగా నవ్వేశాడు. ఆపుకుందామని చూశాడు గాని కుదరలేదు. నవ్విన మనిషి పెద్ద ఆసామి, ఎమ్మెల్యే గారికి అవసరమైన మనిషి. ఎమ్మెల్యే గారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

"మా మాస్టారికి హాస్యం ఎక్కువ" అన్నారు. దొంతర కింద నుంచి ఉత్తరం లాగి సంతకం పెట్టారు. నేను చెయ్యి చాపే ఉంచాను, ముద్ర కూడా వేయించమన్నాను. ముద్ర పడింది. కాగితం నా జేబులోకి వచ్చింది.

"ప్రస్థానం మాత్రం ఆదివారానికల్లా ఇచ్చేయాలండోయ్."

"అలాగేనండీ" అన్నాను.

రొయ్యల ఆసామి మళ్ళీ నవ్వాడు.

బయటికి వచ్చాక పెద్దాయన కొడుకు నా పక్కనే నడిచాడు. బస్టాండు దగ్గర అడిగాడు. "అలా అడగొచ్చాండీ మాస్టారూ?"

"ఇప్పుడే తెలిసింది నాకూ" అన్నాను.

ఉత్తరం అదే రోజు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు కాగితం తీసుకున్నాం. రెండు వారాలకు ఇంజనీర్లు ఇద్దరు టేపులు పట్టుకొని వచ్చారు. ఆ రోజు ఆమె ఏలూరు వెళ్ళాల్సిన రోజు. ఊళ్ళో కొలతలు అయ్యాక అదే దోనెలో ఆమె, ఇద్దరు ఇంజనీర్లు, గెడ పట్టుకొని మొగుడు. ఆ తర్వాత జరిగింది ఆమే నాకు ఫోన్‌లో చెప్పింది, మధ్యమధ్య నవ్వుతూ.

"వంతెన ఎప్పుడు కడతారండీ అని అడిగానండీ మాస్టారండీ. వాళ్ళలో పెద్ద ఇంజనీరు అలాగేనమ్మా, చూద్దాం అన్నాడు. చూడటం అయిపోయింది కదండీ, కడతారా కట్టరా అన్నాను. ఆయన టేపు చుట్టుకుంటూ కూర్చున్నాడండీ. ఈయన గెడ ఎత్తి దోనెలో అడ్డంగా పెట్టేశాడు."

"ఎక్కడ?"

"నడి కాలవలో, గుర్రపుడెక్క మధ్యన. మాకు అలవాటేనండీ, మీరు చెప్పేదాకా ఇక్కడే ఉందాం అన్నాడు ఈయన. నాకు పోయే టైమైపోతోంది గాని, నేనూ ఊరుకున్నాను."

ఇంజనీరు చెప్పాడట. పై నుంచి అనుమతి రావాలని, వచ్చాక నీళ్ళు తగ్గిన కాలంలోనే పని మొదలవుతుందని, ఈ వేసవికి చేయలేమని, వచ్చే వేసవికి గట్టిగా ప్రయత్నిస్తానని. అంతవరకూ నెలకోసారి కాలవలో గుర్రపుడెక్క తీయించే పని మాత్రం తన చేతిలో ఉందని, అది చేయిస్తానని. అప్పుడు గెడ నీళ్ళలో దిగింది. ఆమె బస్సు అందుకుంది.

ఆ మాట నిలబెట్టుకున్నాడు. నెలకోసారి కూలీలు వచ్చి కాలవ శుభ్రం చేస్తున్నారు. ఇన్నాళ్ళలో నేను విన్న జవాబుల్లో కాదు అన్న ముక్క ఉన్నది అదొక్కటే. ఈ వేసవికి కాదు అని. అందుకే నమ్మాను.

సంచిక అచ్చయింది. అజేయ ప్రస్థానం పీఏనే రాశాడు. విరామాలు రెండూ ఉన్నాయి. లంక ఊరి వంతెన కోసం నిరంతర కృషి అని ఒక పేరా కూడా ఉంది. ఆదివారం తర్వాత అతను నాకు ఏడుసార్లు ఫోన్ చేశాడు. ఏడుసార్లూ అలాగేనండీ అన్నాను. ఎనిమిదోసారి చేయలేదు. అర్థమైనట్టుంది. అతనూ ఈ జిల్లావాడేగా.

నేను రాసింది ఇదే. సంచికకు పనికిరాదు.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఏలూరు నుంచి బస్సులో వస్తూ చేసింది. కాలవ శుభ్రం చేయడం మొదలైనప్పటి నుంచీ ఒక్క వంతూ తప్పలేదని చెప్పింది. తర్వాత, "మాస్టారండీ, గట్టు మీద కంకర దిగిందండీ. పాత మచ్చ మీదే పోశారు" అంది.

ఎన్నికలు ఎప్పుడో లెక్కేసి చూశాను. ఇంకా చాలా దూరం ఉన్నాయి. ఎన్నికలు దగ్గర్లో లేనప్పుడు దిగిన కంకర నా డైరీల్లో ఇదే మొదటిది.